ప్రోబ్ క్యాలిబ్రేషన్ తప్పితే...

సీఎంఎం (కోఆర్డినేట్ మెజరింగ్ మిషన్)లో ప్రోబ్ క్యాలిబ్రేషన్ ఫెయిల్ కాగానే మా దగ్గర మొదట వినబడే మాట, "అన్నా, మిషన్ పోయింది, సర్వీసోళ్లకు ఫోన్ కొట్టు!" మిషన్ ఎక్కడికీ పోదు. స్టైలస్ మర వదులై ఉంటుంది, లేదంటే క్యాలిబ్రేషన్‌కు వాడే మాస్టర్ బాల్ మీద ఎవరిదో వేలిముద్ర ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బాల్‌నీ, స్టైలస్ కొననుండే రూబీనీ తుడిచి, బాల్ స్టాండు బిగిసి ఉందో లేదో చేత్తో కదిపి చూస్తే చాలాసార్లు గొడవ అక్కడే తీరిపోతుంది.

4 మిల్లీమీటర్ల రూబీకి క్యాలిబ్రేషన్‌లో 3.98 చిల్లర వచ్చిందని కంగారు పడక్కర్లేదు. టచ్ ట్రిగ్గర్ ప్రోబు తాకాక, సిగ్నల్ ఇచ్చేలోపు స్టైలస్ కాడ కాస్త వంగుతుంది. ఆ మేరకు తగ్గడం మామూలే. ఆ సైజు పక్కనుండే ఫామ్ ఎర్రర్ చూడండి. చేసిన ప్రతిసారీ అది గంతులేస్తుంటే ఎక్కడో ఏదో వదులుగా ఉన్నట్టే.

అసలు దొంగ వేరే. క్యాలిబ్రేషన్ శుభ్రంగా పాసవుతుంది, కొలతలు తప్పుతాయి! బోర్లన్నీ 5 మైక్రాన్లు చిన్నగా, షాఫ్టులన్నీ అంతే పెద్దగా, సెంటర్ దూరాలు మాత్రం భేషుగ్గా వస్తున్నాయా? సాఫ్ట్‌వేర్‌లో మాస్టర్ బాల్ సైజు 5 మైక్రాన్లు ఎక్కువ కొట్టారేమో, సర్టిఫికెట్ తీసి సరిచూడండి. బాల్ మారుస్తారు, నంబరు మార్చరు.

అల్యూమినియం స్కాన్ చేసేవాళ్లకు ఇంకో తలనొప్పి. లోహం రూబీకి అంటుకుపోతుంది. దానికి సిలికాన్ నైట్రైడ్ బాల్ నయం. పర్చేజ్ వాళ్లను అడిగి చూడండి, ధర వినగానే వాళ్ల మొహం చూడాలి!