తాతగారి తుపాకి లైసెన్సు

మా నాన్నగారు 2004లో మా దగ్గర ఉండిపోవడానికి మిస్సిసాగా వచ్చినప్పుడు తమతో ఒక చిన్న ఇనుప ట్రంకుపెట్టె తెచ్చుకున్నారు. ఇన్నేళ్ళుగా అది మా బేస్‌మెంట్‌లో, చలికాలపు బూట్లకూ పాత పుస్తకాలకూ మధ్య మౌనంగా ఉండిపోయింది. మొన్న సంక్రాంతికి ముందు ఇల్లు సర్దుతూ దానిని పైకి తెచ్చాను. బయట మంచు కురుస్తున్నది. పద్నాలుగేళ్ళ మా అబ్బాయికి ఆ రోజు బడి లేదు. ఆదివారం తెలుగు తరగతిలో నేర్చుకున్న అక్షరాలకు పని కల్పిద్దామని వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను.

పెట్టెలో శిస్తు రసీదులు, పసుపు అంచుల శుభలేఖలు, రెండు జాతకచక్రాలు, తాతగారి కళ్ళుచెదిరే చేతివ్రాతతో నిండిన ఒక లెక్కల పుస్తకం ఉన్నాయి. అన్నింటికీ అడుగున, గుడ్డముక్కలో చుట్టి దారంతో కట్టిన మడత కాగితం ఒకటి ఉంది. మడతల వద్ద చిరిగిపోకుండా వెనుక గుడ్డ అతికించి ఉంది. విప్పి చూస్తే అది తుపాకి లైసెన్సు. ఒంటిగొట్టం తుపాకి ఒకటి, ఏడాదికి 25 తూటాలు, ప్రయోజనం పంటకాపు. సంవత్సరం 1949.

మా ఇంట్లో ఆ తుపాకి కథ వినని వారు లేరు. పార్వతీపురం దాటి కొండల వైపు వెళితే వచ్చే పల్లె మాది. తాతగారు తుపాకి భుజాన వేసుకుని నడిస్తే చుట్టుపక్కల అయిదూళ్ళ వారు దారి ఇచ్చేవారనీ, చివరకు ప్రభుత్వం వారు ఏ కారణమూ చెప్పకుండా దానిని లాక్కుపోయారనీ నాన్నగారు చెప్పేవారు. చిన్నప్పుడు ఆ అన్యాయానికి నాకు కూడా కోపం వచ్చేది.

మా అబ్బాయి లైసెన్సు వెనుకనున్న ముద్రలను చదవసాగాడు. మొదటి ముద్రలో మద్రాసు రాష్ట్రం, విశాఖపట్నం జిల్లా అని ఉంది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది కనుక తరువాతి ముద్రలో జిల్లా పేరు మారింది. 1953 తరువాత ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1956 తరువాత ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఆ కాగితం అక్కడితో ఆగింది గాని మా ఊరి ప్రయాణం ఆగలేదు. 1979లో అది విజయనగరం జిల్లాలోకి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి చేరింది. తాతగారు తమ ఊరు విడిచి ఎక్కడికీ పోలేదు. జిల్లాలూ రాష్ట్రాలే వారి గుమ్మం ముందు నుండి నడిచిపోయాయి.

"ఇంతకీ ఒక రైతుకు ఇన్ని ముద్రలు ఎందుకు?" అని వాడు అడిగాడు. నాకు తెలిసినంత చెప్పాను. 1878లో ఆంగ్లేయ ప్రభుత్వం ఆయుధాల చట్టం చేసింది. భారతీయుడు లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకోరాదు. ఐరోపా వారికి మాత్రం ఆనాటి నిబంధనలలో మినహాయింపు ఉండేది. ప్రజలను నమ్మని పాలకుల చట్టం అది. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త చట్టం వచ్చి, 1962 నుండి అమలయింది. లైసెన్సు అవసరం పోలేదు గాని, పంటను నిజంగా కాపాడుకోదలచిన రైతుకు నోటి నుండి మందు కూరే నాటు తుపాకికి, అది చాలదనుకుంటే మరొక సాదాగొట్టం తుపాకికి, అనుమతి ఇచ్చే ఏర్పాటు అందులో ప్రత్యేకంగా ఉంది. కొండ కింద చోడిచేను వేసిన వాడికి అడవిపందుల మంద ఒక్క రాత్రిలో ఏమి చేయగలదో ఆ చట్టం వ్రాసిన వారికి తెలుసునన్నమాట.

ఇది మన దేశపు ముచ్చట మాత్రమే కాదు. మా ఎదురింట ఒక పెద్దాయన ఉన్నారు. తమ తండ్రి పోయాక సొరుగులో రివాల్వరు నమోదు పత్రం దొరికిందని ఆయన ఒకసారి చెప్పారు. కెనడాలో చేతి తుపాకులన్నింటినీ నమోదు చేయించాలనే నియమం 1934 నుండి ఉంది. మొదట్లో ఆ పత్రాలు స్థానిక పోలీసుల చేతిలో ఉండేవి. 1951లో ఆ లెక్కలన్నీ రాయల్ కెనేడియన్ మౌంటెడ్ పోలీసుల కింద ఒకచోటికి చేరాయి. 2022 అక్టోబరు 21 నుండి అయితే సామాన్య వ్యక్తులు చేతి తుపాకులు కొనడం, అమ్మడం, మరొకరికి బదలాయించడం ఇక్కడ నిలిచిపోయింది. ఆయన చేతిలో మిగిలింది కూడా తుపాకి కాదు, కాగితమే.

మా అబ్బాయి తూటాల పట్టీని కూడాడు. అంగడివాడు అమ్మినప్పుడల్లా లైసెన్సు మీద సంఖ్య వేసి సంతకం చేశాడు. పద్దెనిమిదేళ్ళలో తాతగారు కొన్న తూటాలు 41. ఏడాదికి 25 కొనే అధికారమున్న మనిషి సగటున మూడు కూడా కొనలేదు. "ముత్తాత గొప్ప వేటగాడని చెప్పావు కదా?" అన్నాడు వాడు. నా వద్ద జవాబు లేదు.

లైసెన్సు మడతలో ఇంకో రెండు కాగితాలున్నాయి. ఒకటి ఠాణా ముద్ర వేసిన రసీదు. రెండవది తాతగారి అర్జీకి నకలు. పాత కాలపు తెలుగును వాడు కూడబలుక్కుని పైకి చదివాడు. "నాకు వయసు మీరినందునను, కన్నుల చూపు మందగించినందునను తుపాకిని భద్రపరచుట శక్యము కాకున్నది. కావున సదరు తుపాకిని, మిగిలిన తూటాలు ఆరింటిని ఠాణాలో ఒప్పగించుచున్నాను. దయతో చిత్తగించి లైసెన్సును రద్దు చేయవలసినదిగా ప్రార్థించుచున్నాను." తేదీ 1967 నవంబరు 9.

ఎవరూ లాక్కోలేదు. తాతగారే ఇచ్చివేశారు. పైగా వారికి అప్పటికి 52 ఏళ్ళు. చూపు మందగించిందట! నేను పుట్టి పెరిగాక, డెబ్బై దాటిన వయసులో, దీపం వెలుతురులో మా నాయనమ్మకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది ఆ తాతగారే. పంచాంగం చదవడానికి వారు ఏనాడూ కళ్ళజోడు అడగలేదు.

సాయంత్రం నాన్నగారు కాఫీ తాగుతుండగా అర్జీని బల్ల మీద పెట్టాను. వారు చదివి, మడిచి, చాలాసేపు కిటికీలోంచి మంచును చూస్తూ కూర్చున్నారు. నేను తప్పు చేశానేమోనని భయపడ్డాను. తరువాత మనుమడి వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టారు.

అప్పుడు నాన్నగారికి 17 ఏళ్ళు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం సభకు కొండల మీది జనం నడిచి వెళుతుండగా లేవిడి దగ్గర భూస్వాముల పక్షం కాల్పులు జరిపింది. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. అక్కడ మొదలైన మంట తరువాతి కొన్నేళ్ళు శ్రీకాకుళం కొండలలో ఎందరినో బలి తీసుకుంది. ఆ వార్త వచ్చిన వారానికి, చీకటి పడ్డాక, ఒక పెద్ద రైతు మనిషి మా ఇంటికి వచ్చాడు. "తుపాకి నాలుగు రోజులకు కావాలి, అయ్యగారు పంపమన్నారు" అన్నాడు. తాతగారు "అది పందుల కోసం ఇచ్చిన తుపాకి" అని మాత్రం అన్నారు. ఆ రాత్రి వారు నిద్రపోలేదు. మళ్ళీ వస్తే ఎన్నిసార్లు కాదనగలరు? తెల్లవారుతూనే తుపాకిని గోనెపట్టాలో చుట్టి, చద్దిమూట కట్టుకుని, ఠాణాకు నడిచి వెళ్ళారు. అసలు కారణం వ్రాస్తే ఆ పెద్ద రైతుతో వైరం. వ్రాయకపోతే అధికారులకు అనుమానం. అందుకే కళ్ళ మీద నెపం పెట్టారు.

"ఊళ్ళో అందరూ మీ నాన్న పిరికివాడు అన్నారు" అని నాన్నగారు చెప్పారు. "నాకూ అలాగే అనిపించింది. ఆ ఏడు పందులు సగం చేను మేసేశాయి. రాత్రంతా మంచె మీద కూర్చుని డబ్బాలు వాయించింది ఎవరనుకున్నావు? నేనే! కాలేజీలో చేరాక స్నేహితులతో ప్రభుత్వం లాక్కుందని చెప్పాను. ఆ మాట బాగుంది. చెప్పగా చెప్పగా అదే నిజమైపోయింది. మీ తాతగారు విన్నారు కూడా. ఒక్కసారి కూడా కాదనలేదు."

ఆ చివరి మాట దగ్గర వారి గొంతు బొంగురుపోయింది. మా అబ్బాయి ఏమీ అనకుండా లేచి వెళ్ళి, తాతయ్య పక్కన కూర్చున్నాడు.

ఈ సంచిక చదివే తల్లిదండ్రులకు ఒక్క మనవి. మనలో చాలామంది ఇళ్ళలో ఇటువంటి పెట్టెలున్నాయి. పిల్లలకు తెలుగు నేర్పడానికి పద్యాలు, కథలు వెతుకుతాము. మన తాతల చేతివ్రాత కంటే వారిని కూర్చోబెట్టగల పాఠం నాకింతవరకు దొరకలేదు. ఆ కాగితాలను చదివి చెప్పగల పెద్దలు మన మధ్య ఉండగానే వాటిని తెరవండి. మనం ఇన్నాళ్ళూ విన్న కథ మారిపోవచ్చు. మారనివ్వండి. అయిదూళ్ళను భయపెట్టిన తాతగారి కంటే, పిరికివాడన్న మాట పడి చేను నష్టపోయి, తన తుపాకి మనిషి మీదికి ఎక్కుపెట్టకుండా చూసిన తాతగారినే నా కొడుకు తన వాడనుకోవాలని నా కోరిక.

సంక్రాంతి నాడు నాన్నగారు విజయనగరంలో ఉన్న మా పెద్దత్తకు ఫోను చేశారు. పండుగ కబుర్లన్నీ అయ్యాక, కాస్త తటపటాయించి, "అప్పా, ఆ తుపాకిని ఎవరూ లాక్కోలేదు. నాన్నే ఇచ్చేశాడు" అన్నారు.

అవతల నుండి మా అత్త నవ్వు స్పష్టంగా వినిపించింది. "నాకు తెలీదేటిరా? ఆ వేళ చద్దిమూట కట్టిచ్చింది నేనే."