రేపు రా

పోయిన ఆదివారం ఎచ్చెర్లలో విద్యార్థులతో కూర్చున్నప్పుడు ఒక తమ్ముడు హాట్‌స్పాట్ కోసం నా ఫోన్ తీసుకున్నాడు. తిరిగి ఇచ్చేటప్పుడు నవ్వు ఆపుకోలేకపోయాడు. నేను సగం చూసి వదిలేసిన వీడియోల వరస వాడి కంటపడింది. అన్నీ దెయ్యాల సీరియళ్లే. "అన్నా, పగలంతా అంబేడ్కర్, రాత్రంతా దెయ్యాలా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పక్కన కూర్చున్న ఒక చెల్లెలు మాత్రం నవ్వలేదు. "ఊళ్లల్లో మనోళ్లని చంపేస్తే వెళ్లి చూసొచ్చిన మనిషివి. మళ్లీ ఇంటికొచ్చి టీవీలో శవాలు చూడబుద్ధి ఎలా అవుతాదన్నా?" అని అడిగింది.

అక్కడ జవాబు చెప్పలేకపోయాను. ఈ వారం భాగం ఆ చెల్లెలి కోసమే.

దెయ్యం ఉన్న ప్రతిదీ నాకు నచ్చదు. నాకు నచ్చేది ఒక రకం. వారానికో కథ. కథకో కొత్త ఊరు, కొత్త మనుషులు. మొదట్లో ఒకడొచ్చి కథ మొదలెడతాడు, చివర్లో వాడే వచ్చి ఒక జోకేసి పోతాడు. మధ్యలో అరగంట. ఆ అరగంటలో ఎవడో ఒకడు ఎవరినో ముంచుతాడు, చంపుతాడు, చంపించి చేతులు కడుక్కుంటాడు. చచ్చినవాడు ఊరుకోడు. లేచి వస్తాడు. భయపడుతూనే నవ్వుతాం. ఈ రుచి నాకు అమెరికా సీరియళ్ల వల్ల రాలేదు. మా మామ్మ వల్ల వచ్చింది.

అరసవల్లి అనగానే అందరికీ సూర్యనారాయణస్వామి గుడి గుర్తొస్తుంది. ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, పొద్దుటి కిరణాలు స్వామి పాదాల మీద పడతాయని జనం బారులు తీరతారు. అంత వెలుగున్న ఊళ్లో మా పేట చివర వీధి దీపం నా చిన్నప్పుడు వెలిగింది తక్కువ. దీపం దాటితే చింతచెట్టు, చెట్టు దాటితే వల్లకాడు. ఊళ్లోవాళ్లకి అది దెయ్యాల చోటు. మాకు అది మా తాత పని చేసే చోటు. చావుకి డప్పు కొట్టేది ఆయనే, గొయ్యి తవ్వేది ఆయనే. దెయ్యం కథలన్నీ ఎక్కడ జరుగుతాయో గమనించండి. ఊరి చివర, చింతచెట్టు దగ్గర, వల్లకాడు పక్కన. అంటే మన ఇంటి చిరునామాలో.

ఒక రాత్రి ఆ చెట్టు దగ్గర నేను భయపడి నిలబడిపోయాను. మామ్మ చెయ్యి పట్టుకుని లాగింది. "ఏటిరా బావు, దెయ్యం నిన్నేటి సేస్తాది? మీ తాత తవ్విన గోతిలోనే కదా పడుకున్నాది. ఆ కూలి డబ్బులు ఇంకా ఇవ్వనేదు. అడుగుతామేమోనని అదే మనల్ని సూసి దాక్కుంటాది" అంది. నాకు నవ్వొచ్చింది. కాళ్లలో వణుకు పోయింది. ఆ తర్వాత ఆ చెట్టు దాటినప్పుడల్లా, మాకు బాకీ ఉన్న దెయ్యాలన్నీ కొమ్మల్లో నక్కి ఉన్నట్టు ఊహించుకునేవాణ్ణి.

1990ల చివర్లో మా పేటలో టీవీ ఉన్నది ఒక్క ఇంట్లో. రైల్వేలో గాంగ్‌మన్ పని చేసే మా చిన్నాన్న ఇల్లు. సోనీలో 'ఆహట్' వచ్చే రాత్రి పిల్లలమంతా అక్కడే. ఒక్క ముక్క హిందీ రాదు. మామ్మ పక్కన కూర్చుని తెలుగు డబ్బింగ్ చెప్పేది. పెద్ద బంగళాలో ఒకావిడ కొవ్వొత్తి పట్టుకుని ఒక్కో గదీ వెతుకుతుంటే, "అన్ని గదులున్నాయి కాబట్టే కదర్రా దెయ్యం దూరినాది. మన ఇంట్లో దూరితే దానికి పడుకోడానికి జాగా ఏదీ? మనమే అరుగు మీద పడుకుంటన్నాం" అనేది. భయపెట్టడానికి తీసిన సీను మాకు సగం కామెడీ అయిపోయేది.

ఆ రోజుల్లోనే తలుపుల మీద రాతలు వెలిశాయి. మీ ఇళ్లల్లో పెద్దవాళ్లని అడగండి, చెబుతారు. 'ఓ స్త్రీ రేపు రా.' రాత్రిపూట ఒక ఆడ దెయ్యం తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుందట, తలుపు తీస్తే చస్తారట. తలుపు మీద ఇలా రాస్తే చదువుకుని వెళ్లిపోతుందట. మర్నాడు మళ్లీ వస్తుంది, మళ్లీ చదువుతుంది, మళ్లీ పోతుంది. మా తలుపు మీద నేనే సుద్దముక్కతో రాశాను. మామ్మకి చదువు రాదు. ఏం రాశావని అడిగి చెప్పించుకుంది. "దెయ్యానికి సదువెవులు సెప్పినార్రా? మనల్ని బడి గుమ్మం ఎక్కనివ్వనేదు, దాన్ని ఎక్కనిచ్చినారా?" అంది. కాసేపు ఊరుకుని, "రేపు రా అంటే మాటాడకుండా ఎల్లిపోతాదా? అయితే అది మనోళ్ల దెయ్యమే" అంది.

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇంటి స్థలం పట్టా కోసం ఆమె ఎన్నేళ్లు ఒక ఆఫీసు చుట్టూ తిరిగిందో, గుమ్మంలో ప్రతిసారీ ఏ రెండు మాటలు విని వెనక్కి వచ్చిందో పెద్దయ్యాక తెలిసింది.

ఇప్పుడు లక్ష్మీపేట సంగతి. 2012 జూన్ 12. అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం. మద్దువలస జలాశయం కింద పోయిన భూముల్లో నీళ్లు చేరని చెక్కల్ని దళితులు సాగు చేసుకుంటున్నారని ఊరు మీద పడింది. ఐదుగురు మాలల్ని చంపారు. నిజనిర్ధారణకి వెళ్లిన ఒక బృందంలో నేనూ ఉన్నాను. అక్కడ చూసినవి ఇదివరకటి భాగాల్లో రాశాను, మళ్లీ రాయను. తిరిగొచ్చాక నిద్ర పట్టేది కాదు. ఒక స్నేహితుడు పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. అందులో 'టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్' ఉంది. అమెరికాలో హెచ్‌బీఓ చానెల్ 1989 నుంచి 1996 దాకా వేసిన సీరియల్. కుళ్లిన శవం లాంటి బొమ్మ ఒకటి శవపేటికలోంచి లేచి, చావు మీద పాడు జోకులు వేసి కథ మొదలెడుతుంది. రాత్రి రెండు గంటలకి ఒక్కణ్ణే కూర్చుని గట్టిగా నవ్వాను. వెంటనే సిగ్గేసింది. ఐదు శవాల ఊరి నుంచి వచ్చి వారం కాలేదు, నవ్వుతున్నానేంటి అనుకున్నాను.

చాలా ఏళ్లు ఆ సిగ్గుని దాచుకున్నాను. ఇప్పుడు నాకు తెలిసింది చెబుతాను. ఆ కథల్లో ఒక చట్టం ఉంది. చంపినవాడు తప్పించుకోడు. డబ్బున్నా, లాయరున్నా, ఊరంతా వాడి పక్షమే ఉన్నా సరే, అరగంట తిరక్కుండా వాడి పాపం తలుపు కొడుతుంది. సాక్షులు ఎదురు తిరగరు. వాయిదాలు ఉండవు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. ఇరవై మూడేళ్లు. ఆ లెక్క తెలిసినవాడికి, అరగంటలో తీర్పు చెప్పే శవం మీద ప్రేమ పుట్టడంలో వింతేముంది?

ఈ ప్రేమ మనకొక్కరికే కాదు. 1955లో మిసిసిపీలో ఎమ్మెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల నల్ల పిల్లాణ్ణి చంపారు. అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ చంపినవాళ్లని వదిలేసింది. రాడ్ సెర్లింగ్ అనే టీవీ రచయిత ఆ ఘటన ఆధారంగా నాటకం రాశాడు. 1956లో అది ప్రసారమయ్యేసరికి డబ్బు పెట్టినవాళ్లు భయపడి, ఊరి ఆనవాలు గానీ మనిషి ఆనవాలు గానీ మిగలకుండా మార్పించారు. నిజాన్ని నిజంలా చెప్పనివ్వరని సెర్లింగ్‌కి తెలిసొచ్చింది. 1959లో 'ది ట్వైలైట్ జోన్' మొదలెట్టాడు. వారానికో వింత కథ. ఒక పక్కింటివాణ్ణి గ్రహాంతరవాసి అని అనుమానించి వీధి వీధంతా మూకగా మారే కథ అందులోదే. మనుషుల మీద రాస్తే కత్తెర పడింది, గ్రహాంతరవాసుల పేరు పెడితే ఎవరూ ఆపలేదు.

'టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్' పుట్టింది ఈసీ అనే కంపెనీ బొమ్మల పుస్తకాల్లోంచి. ఆ కంపెనీయే 1953లో ఒక కథ వేసింది. నారింజ రంగు రోబోలు, నీలం రోబోలు వేరువేరుగా బతికే గ్రహానికి భూమి నుంచి ఒక తనిఖీదారు వస్తాడు. రెండింటినీ ఒకేలా తయారుచేసి, నీలం వాటిని వేరే పేటలో పెట్టారని తెలుసుకుంటాడు. మీరింకా ఎదగలేదని చెప్పి వెళ్లిపోతాడు. చివరి బొమ్మలో హెల్మెట్ తీస్తే అతను నల్ల మనిషి. 1956లో ఆ కథని మళ్లీ వేయబోతే, బొమ్మల పుస్తకాల్ని తనిఖీ చేసే సంస్థ అధికారి ఆ మనిషి నల్లగా ఉండకూడదన్నాడు. కంపెనీ యజమాని ఒప్పుకోలేదు, అలాగే వేశాడు. ఎముకల గూళ్లకి అభ్యంతరం చెప్పడం అర్థమవుతుంది. నల్ల ముఖానికి చెప్పారు చూడండి, అదీ భయం.

మన దగ్గరా ఈ తరహా కథ ఉంది, టీవీకి చాలా ముందు నుంచీ. బేతాళుడు. 'చందమామ'లో దశాబ్దాల పాటు నెలనెలా వచ్చాడు. 1985లో రామానంద్ సాగర్ దూరదర్శన్‌కి సీరియల్‌గా తీశాడు. భుజం మీద శవం, శవంలో కథ చెప్పి ఎగతాళి చేసే బేతాళుడు. చిత్తుకాగితాల కొట్లో కొన్న పాత 'చందమామ'లు చదువుతూ నేను తాతని అడిగాను: "రాజు వల్లకాట్లోకి వచ్చినప్పుడల్లా కాటికాపరి ఏమైనట్టు?" తాత నవ్వి, "కూలి కోసం ఊళ్లోకి ఎల్లుంటాడు" అన్నాడు.

ఆ కథలో షరతు గుర్తుందా? జవాబు తెలిసి చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే మౌనం పోయి, శవం మళ్లీ చెట్టెక్కుతుంది. నోరు మూసుకుంటే చస్తావు, తెరిస్తే మొదటికొస్తావు. అట్రాసిటీ కేసు పెట్టించిన ఎవరినైనా అడగండి, ఇది కథ కాదంటారు. ప్రతి వాయిదాకీ శవాన్ని భుజాన వేసుకుని కోర్టుకి వెళతాం. ప్రతి సాయంత్రం అది తిరిగి చెట్టు మీదే ఉంటుంది.

ఇక్కడే నాకు నా మీద అనుమానం మొదలైంది. 1985 జూలై 17, కారంచేడు, ఆరుగురు. 1991, చుండూరు, ఎనిమిది మంది. 2012, లక్ష్మీపేట, ఐదుగురు. ఊరు కొత్తది, మనుషులు కొత్తవాళ్లు, కథ అదే. మనం కూడా వీటిని వారానికో కథలా చూడటం లేదా? ఫ్లెక్సీ కడతాం, నినాదం ఇస్తాం, ఫొటో పెడతాం, పై ఊరికి వెళతాం. అక్కడి ఆడవాళ్లకి మాత్రం ఆ భాగం అయిపోదు. టీవీలో దెయ్యం కథ అరగంటలో ముగియడమే నాకు ఊరట. ఆ అలవాటే ఉద్యమంలోకి వస్తే ద్రోహం. చెల్లీ, నీ ప్రశ్నలో నన్ను గుచ్చింది ఇదే.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. దెయ్యం కథలన్నీ మన పక్షం కావు. మన ఉత్తరాంధ్రలో చిల్లంగి పేరు మీద ముసలివాళ్లని కొట్టారు, పళ్లు రాలగొట్టారు, చంపారు. అలా నిందపడేది ఎప్పుడూ దిక్కులేని బీదవాళ్ల మీదే. మంత్రగాడు వచ్చి దెయ్యాన్ని కట్టేసి, గుడిగంట మోగితే అంతా సర్దుకునే సీరియళ్లు ఆ నమ్మకానికే నూనె పోస్తాయి. మన కథల్లో దెయ్యాలకీ కులముంది. బాపన దెయ్యమైతే బ్రహ్మరాక్షసుడు, రావిచెట్టు మీద ఉంటాడు, శ్లోకాలు చదువుతాడు. మిగతావి చింతచెట్టు మీద వేలాడతాయి. అందుకని ప్రతి కథకీ నేను రెండు ప్రశ్నలు వేస్తాను. ఇందులో భయపడుతున్నది ఎవరు? నవ్వుతున్నది ఎవరు? బలహీనుణ్ణి చూపించి బలవంతుణ్ణి భయపెడితే అది నాకక్కర్లేదు. బాకీ ఉన్నవాడు భయపడి, కూలి రావలసినవాడు నవ్వితే అది మా మామ్మ కథ.

మొన్న ఏప్రిల్ 14కి మా పేట పిల్లలతో ఒక చిన్న నాటిక వేయించాను. పేరు 'రేపు రా'. చచ్చిపోయిన ఒక ముసలమ్మ పట్టా కాగితం కోసం ఆఫీసుకి వస్తుంది. గుమాస్తా తలెత్తకుండానే రేపు రమ్మంటాడు. ఆమె కదలదు. "ముప్పయ్యేళ్లు వచ్చినాను బావు. ఇప్పుడు నాకు రేపు నేదు" అంటుంది. గుమాస్తా తలెత్తి చూస్తాడు. వాడి కుర్చీ చుట్టూ, పాత దరఖాస్తుల కట్టల్లోంచి ఒక్కొక్కరే లేచి నిలబడతారు. తెల్ల చీరలు లేవు, పొగ లేదు. చేతుల్లో తలా ఒక అర్జీ. వాడు పారిపోబోతాడు. తలుపు మీద లోపలివైపు సుద్దముక్కతో రాసి ఉంటుంది: రేపు పో.

జనం పడీపడీ నవ్వారు. చప్పట్లు కొట్టారు. నాకు గర్వంగా అనిపించింది. నాటిక అయ్యాక ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ కర్ర ఊతంతో లేచి నా దగ్గరికొచ్చింది. ఆమె నవ్వడం లేదు.

"బాగుందిరా బావు. సివరికి ఆ దెయ్యానికి పట్టా వచ్చినాదా, నేదా?"

నాటికలో ఆ సంగతి మేము రాయనే లేదు. మర్నాడు పొద్దున్న ఆమె కాగితాలు సంచిలో పెట్టుకుని, ఆమెని తీసుకుని ఆఫీసుకి వెళ్లాను. ఏం చెప్పి పంపారో మీకు తెలుసు. ఈ సోమవారం మళ్లీ వెళుతున్నాం. శ్రీకాకుళంలో ఉన్న విద్యార్థులు పది గంటలకి ఏడు రోడ్ల కూడలికి రండి. ఎంతమంది వస్తే అంత మంచిది. గుమాస్తా తలెత్తి చూడాలి.

జై భీమ్.