అమ్మకు ఏమిష్టం?

పెళ్లై కొత్త ఊరికి వచ్చిన ఆడపిల్లకు అత్తమామలు, ఆడబిడ్డలు, మరుదులు అందరూ రెడీగా ఉంటారు. స్నేహితురాలు మాత్రం అలా దొరకదు. అదృష్టం ఉంటే పక్కింట్లో దొరుకుతుంది. నాకు అలా దొరికింది మా అక్క. సొంత అక్క కాదండీ, మా గోడకు ఆనుకుని ఉన్న ఇంటి కోడలు. నాకంటే మూడేళ్లు పెద్ద. ఇంటరు పూర్తయి 2000లో నేను కాపురానికి వచ్చిన వారానికే గోడ మీదుగా గిన్నె అందించి, "తిన్నవా చెల్లే?" అని అడిగింది. అప్పటినుంచి ఆమె నాకు అక్క, నేను ఆమెకు చెల్లె.

ఆమె పుట్టిల్లు వనపర్తి, నాది నాగర్‌కర్నూలు, ఇద్దరికీ మెట్టినిల్లు గద్వాల. అప్పుడు మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. 2016 అక్టోబరులో మూడూ మూడు జిల్లాలయ్యాయి. "చూసినవా, మనం జిల్లాలు దాటొచ్చిన కోడండ్లమైతిమి" అని ఆ రోజు ఎంత నవ్విందో! పండుగలకు పుట్టింటికి ఇద్దరం ఒకే బస్సెక్కేవాళ్లం. బీచుపల్లి వంతెన మీదికి రాగానే కృష్ణమ్మకు చెరో రూపాయి వేసి దండం పెట్టుకునేవాళ్లం. వనపర్తిలో ఆమె ఆగిపోయేది, నేను నాగర్‌కర్నూలు బస్సు పట్టుకునేదాన్ని. ఇంట్లో చెప్పుకోలేని మాటలన్నీ ఆ బస్సులోనే చెప్పుకున్నాం.

వాళ్లది మగ్గం ఇల్లు. గద్వాల చీర మీలో చాలామంది దగ్గర ఉండే ఉంటుంది. ఒడలంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పోగును, పట్టు పోగును అంచు దగ్గర వరస వరసకూ చేత్తో మెలేసి కలపాలి. దాన్నే కుప్పడం నేత అంటారు. బావ ఒక్కడే మగ్గం మీద కూర్చుంటే ఆ పని సాగదు, పక్కన ఇంకో చెయ్యి కావాలి. అది అక్క చెయ్యి. పొద్దున వంట ముగించి మగ్గం దగ్గర కూర్చుంటే, మళ్లీ పిల్లలు బడినుంచి వచ్చేదాకా లేచేది కాదు.

అంత పనిలోనూ ఎవరికేది ఇష్టమో మరిచిపోయేది కాదు. బావకు చింతచిగురు పప్పు, మామకు మెత్తటి జొన్నరొట్టె, కొడుక్కి పల్లీల చట్నీ, బిడ్డకు బచ్చాలు. నా రెండో కాన్పుకు నేను ఆస్పత్రిలో ఉంటే, నా పెద్దోడికి నెల రోజులు ఆమే అన్నం పెట్టింది. వాడు ఇప్పటికీ ఆమెను పెద్దమ్మ అనే అంటాడు.

2021లో ఒకరోజు నన్ను లోపలికి పిలిచి, రొమ్ములో గడ్డలా ఉందని చెప్పింది. ఎన్నాళ్లయిందంటే, "ఏడాదైతాంది. నొప్పి లేదు కదా, బిడ్డ పెండ్లి అయినంక చూపిచ్చుకుంటా అనుకున్న" అంది. మర్నాడే ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి పోయాం. అక్కడినుంచి హైదరాబాదు. అప్పటికే జబ్బు పాకిపోయింది. ఆపరేషను, కీమో అన్నీ అయ్యాయి. 2022 ఎండాకాలంలో అక్క వెళ్లిపోయింది. చెల్లెళ్లారా, ఇక్కడ ఒక్క మాట. నొప్పి లేదని ఊరుకోకండి. గడ్డలన్నీ క్యాన్సర్ కావు, చాలావరకు మామూలువే. కానీ అది ఏదో తేల్చాల్సింది డాక్టరే. తొందరగా పట్టుకుంటే చాలామందికి నయమవుతున్న జబ్బే ఇది.

చావింట్లో అందరికీ ఒక వరస ఉంటుంది, ఆ వరసను బట్టి ఒక పని ఉంటుంది. నాకు ఏ వరసా లేదు. మైల లేదు, స్నానాల్లో వంతు లేదు. గోడకు ఇటువైపు కూర్చుని ఏడ్చుకున్నాను. స్నేహితురాలు పోతే ఎన్నాళ్లు ఏడవాలో ఎవరూ చెప్పలేదు కదా!

పదో రోజు ఇంటి నిండా చుట్టాలు. ఒక పెద్దావిడ బిడ్డను పిలిచి, "మీ అమ్మకు ఏమిష్టముండె బిడ్డా? అన్నీ చేసి పెట్టాలె ఇయ్యాల" అని అడిగింది. ఆ పిల్ల తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు నాన్న వైపు చూశాడు. బావ తల దించుకున్నాడు. వాళ్లకు ప్రేమ లేక కాదు. అమ్మ ఎవరికేం వండేదో అందరికీ తెలుసు. అమ్మ తనకోసం ఏం వండుకునేదంటే ఏం చెప్తారు? ఆమె ఎప్పుడూ వండుకోలేదు!

ఆ పిల్ల గోడ దగ్గరికి వచ్చి, "చిన్నమ్మా, అమ్మకు ఏమిష్టం?" అని అడిగింది.

నాకు తెలుసు. సజ్జరొట్టె మలీద. చిన్నప్పుడు వాళ్లమ్మ చేసి పెట్టేదట. అత్తగారింట్లో సజ్జలు ఎవరికీ పడవు. "నా ఒక్కదానికోసం వేరే పొయ్యి ముట్టియ్యాల్నా చెల్లే?" అనేది. అందుకని మా ఇంట్లో సజ్జరొట్టె చేసిన రోజు గోడ మీద రెండుసార్లు తట్టేదాన్ని. వచ్చి మా వంటింట్లో పీట మీద కూర్చుని, చిన్నపిల్లలా ముద్దలు చేసుకుని తినేది.

నేను చెప్తుంటే ఆ పిల్లే చేసింది. సజ్జపిండిని వేడినీళ్లతో మెత్తగా కలిపి రొట్టెలు చేసి కాల్చాలి. వేడి మీదే నలిపి, రెండు రొట్టెలకు గుప్పెడు బెల్లం పొడి, రెండు చెంచాల వేయించిన నువ్వులు, ఒక చెంచా నెయ్యి వేసి ముద్దలు చుట్టాలి. చుడుతూ ఉంటే ఆ పిల్ల అడిగింది, "ఇంకా చెప్పు చిన్నమ్మా, అమ్మ ఎట్లుండేది?" అని. బస్సులో కిటికీ పక్క సీటు కోసం నాతో పోట్లాడేదని చెప్పాను. బాగా ఈల వేసేదని చెప్పాను. పిల్లలిద్దరూ నోరు తెరుచుకుని విన్నారు. మా అమ్మ ఈల వేసేదా అని కొడుకు ఏడుస్తూనే నవ్వాడు. నాకూ ఒక పని ఉందని అప్పుడు తెలిసింది. వాళ్లు చూడని అమ్మను నేను చూశాను. అది వాళ్లకు అప్పజెప్పాలి.

పెత్రమాస నాడు పెద్దలకు పెట్టుకుంటాం, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడుకుంటాం. రెండూ ఒక్కరోజే రావడం మా తెలంగాణ ఆనవాయితీ. 2023 పెత్రమాసకు ఆ పిల్ల తనకు తానే మలీద చేసింది. సాయంత్రం బతుకమ్మ దగ్గరికి వచ్చినప్పుడు ఒక ముద్ద నా చేతిలో పెట్టి, "సరిగ్గ కుదిరిందా చిన్నమ్మా?" అని అడిగింది. బెల్లం కొంచెం ఎక్కువైంది. అక్క కూడా ఎక్కువే వేసుకునేది, ఆ మాటే చెప్పాను.

ఇది చదివాక మీ అమ్మకు ఒక్కసారి ఫోన్ చేసి, "నీకేం తినాలనిపిస్తుందమ్మా?" అని అడగండి. ఏమీ లేదంటుంది. వదలకండి, మళ్లీ అడగండి. మీరూ తల్లులే కదా, మీ వంటల నోటుబుక్కులో చివరి పేజీ ఒకటి మీకోసం ఉంచుకోండి. మీకేది ఇష్టమో రాసుకోండి. నెలకొకసారైనా అది వండండి, పిల్లల ముందు కూర్చుని తినండి. ఒక్కదానికోసం పొయ్యి వెలిగిస్తే తప్పేం లేదు.