మందు మాన్పించు చదువు



నలువది యేండ్లు దాటిన గృహిణి మరల పుస్తకము చేత బట్టినచో ఇరుగుపొరుగువారు వింతగా జూచుట సహజము. ఆ పుస్తకము రామాయణమో భాగవతమో అయినచో ఎవరును ఏమియు ననరు. మేము చదువుచున్నది త్రాగుడును గూర్చి, గంజాయి మొదలగు మత్తుపదార్థములను గూర్చి, వానికి లోబడినవారికి చేయదగిన సహాయమును గూర్చి. "ఇది ఆడవారు చదువవలసిన చదువేనా తల్లీ?" అని మా వీథిలోని పెద్ద ముత్తైదువ యొకరు మమ్ము నడిగిరి. అర్ధరాత్రమున లేచి తలుపు తీయునది ఎవరు? పక్కబట్టలు ఉదుకునది ఎవరు? మరునాడు కచేరికి జ్వరమని కబురంపునది ఎవరు? చాకిరి యంతయు మనదైనప్పుడు, దానిని గూర్చిన జ్ఞానము మాత్రము మనకు దూరముగా నుండవలెనా?

మన గోదావరి డెల్టా అన్నపూర్ణయని పేరుగాంచినది. ఇచ్చట కాలువ గట్టుల వెంట తాడిచెట్లకు లోటులేదు. సంక్రాంతికి కోడిపందెములకు లోటులేదు. ఊరూర సీసాలకును లోటులేదు. త్రాగుడు పేదవాని యింటి పీడయని తలచువారు కలరు. పూరిపాకలోను, పెంకుటింటను, మేడలోను ఈ దుఃఖ మొక్కటే. తలుపులు మూసికొను తీరులోనే భేదము. 2019లో ప్రకటింపబడిన జాతీయ సర్వేను బట్టి మన దేశమున మద్యము త్రాగువారు సుమారు 16 కోట్లమంది. వారిలో 5.7 కోట్లమందికి ఇతరుల సహాయము అవసరమైన స్థితి వచ్చినది. మద్యమునకు పూర్తిగా బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో యొక చికిత్స పొందుచున్నారట. మిగిలిన 37 మందికి చికిత్సాలయ మెక్కడ? వారి యిండ్లే. వైద్యులెవరు? తల్లులు, భార్యలు, అక్కచెల్లెండ్రు. ఏ విద్యయు లేక, ఏ మందును తెలియక, ఈ వైద్యము చేయుచున్నది మనమే.

మేము ఈ చదువునకు దిగిన కారణము దాచనేల? మాకొక తమ్ముడు కలడు. చిన్ననాడు తాటిముంజెలు దెచ్చి, పొర యొలిచి, ముందుగా మా చేతిలో పెట్టి మిగిలినది తాను తినువాడు. నేడు చేపల చెరువుల లెక్కలు వ్రాయుచున్నాడు. ప్రొద్దుట ఒక గ్రుక్క లోపలికి పోవువరకు కాఫీగ్లాసు పట్టజాలనంతగా అతని చేతులు వణకును. అతని యనుమతితోనే ఈ మాటలు వ్రాయుచున్నాము.

ఈ చదువు విషయము కొంత చెప్పెదము. 1951లో ఆరంభమైన కొలంబో ప్లాను అను అంతర్జాతీయ సంస్థవారు వ్యసన చికిత్సలో పనిచేయువారికొరకు ఎనిమిది భాగముల పాఠ్యక్రమమును ఏర్పరచి, పరీక్ష పెట్టి, యోగ్యతాపత్రము నిచ్చుచున్నారు. మత్తుపదార్థము దేహమునందును మెదడునందును చేయు పని మొదటి భాగము. చికిత్స యొక్క క్రమము రెండవది. తోడుగా వచ్చు మనోవ్యాధులు, దేహవ్యాధులు మూడవది. రోగితో మాటలాడు నేర్పు నాలుగవది. పరీక్షించి తెలిసికొనుట, సహాయములను సమకూర్చుట, ఆపత్సమయమున ఆదుకొనుట అటు తరువాతివి. కడపటిది ధర్మనియమములు. పగలు వంట ముగించి, రాత్రి అందరును నిద్రించిన పిమ్మట మేము వీనిని చదువుకొనుచున్నాము.

మొదటి భాగమునుండి గృహిణులకు పనికివచ్చు లెక్క యొకటి చెప్పెదము. క్వార్టరు సీసాలో 180 మిల్లీలీటర్ల విస్కీయో బ్రాందీయో ఉండును. దానిలో శుద్ధమైన ఆల్కహాలు సుమారు 60 గ్రాములు. మన కాలేయము గంటకు ఇంచుమించు 7 మొదలు 10 గ్రాముల వరకే దానిని హరింపగలదు. కాగా రాత్రి పదిగంటలకు క్వార్టరు ముగించినవాని నెత్తురులో తెల్లవారుజామున కూడ మద్యముండును. రెండు క్వార్టర్లయినచో మరునాటి మధ్యాహ్నము వరకు నిలుచును. మజ్జిగయు, నిమ్మరసమును, తలమీద పోసిన చన్నీళ్లును ఆ కాలేయమును తొందరపెట్టలేవు. అట్టివాడు ఉదయమున పిల్లలను మోటారుసైకిలుపై బడికి దింపబోవునప్పుడు తల్లులు ఈ లెక్కను జ్ఞప్తియందుంచుకొనవలెను.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. బహుకాలము ప్రతిదినము త్రాగినవానిని గదిలో పెట్టి తాళమువేసి, "ఇక మానినాడు" అని తృప్తిపడు ఇండ్లు మనలో చాల కలవు. అది ప్రాణాపాయము. కడపటి గ్రుక్క లోపలికి పోయిన కొన్ని గంటలకే వణకు, చెమటలు, నిద్రలేమి మొదలగును. రెండు దినములలోపల మూర్ఛలు రావచ్చును. రెండవ దినము మొదలు నాలుగవ దినము వరకు కొందరికి లేనివి కనబడును, వినబడును, జ్వరము హెచ్చును, తానెక్కడ నున్నాడో తెలియదు. దయ్యము పట్టినదని భూతవైద్యుని పిలుతురు. పిలువవలసినది ఆసుపత్రి బండిని. వైద్యుని యెదుట, తగిన మందులతోను, బి1 విటమినుతోను మానినచో ఆ నాలుగు దినములు గడచును. మా తమ్ముని ప్రభుత్వాసుపత్రి మనోవైద్య విభాగమున చేర్చినప్పుడు వైద్యులు చేసినది ఇదియే.

మన భాషలో ఔషధమును మందు అందుము. మద్యమును కూడ మందు అందుము. ఈ రెంటి నడుమ చిక్కుకొన్న యొక సోదరి మా యింటికి వచ్చెను. ఆమె ఎవరో పోల్చుకొనుటకు వీలులేకుండ వ్రాయుచున్నాము. కొంగుమాటున నొక పొట్లము దెచ్చినది. "వదినగారూ, ఇది పప్పులో కలిపితే రుచి తెలియదటండీ. వారికి తెలియకుండానే మందు మీద విరక్తి పుడుతుందట. ఎంత వేయాలో మీరు చదువుకున్నారు గదా, చెప్పండి" అని యడిగినది. ఆ పొట్లముపై పేరు లేదు, లోపల నేమున్నదో వ్రాసిలేదు.

ఇట్టి పొడులలో ఏమి కలుపుదురో కొనువారికి తెలియదు. వైద్యులు వాడు మందులలో డైసల్ఫిరాము అను నొకటి కలదు. డెన్మార్కు దేశపు పరిశోధకులు 1948లో దాని గుణమును లోకమునకు తెలిపిరి. అది లోపల నుండగా మద్యము త్రాగినచో ముఖము కందును, గుండె దడదడలాడును, వాంతులగును, రక్తపుపోటు పడిపోవును. ఒక్కొక్కప్పుడు ప్రాణము పోవును. మాత్ర మానిన తరువాత రెండు వారముల వరకును ఆ ప్రమాదము పొంచియుండును. అందుచేతనే రోగి తెలిసి, ఒప్పుకొని, పరీక్షలు చేయించుకొని పుచ్చుకొనవలసిన మందది. తెలియక తిన్నవాడు తెలియకయే త్రాగును. పప్పులో కలిపిన చేయి భార్యదగుటచే, ఆపద వచ్చినచో నింద కూడ ఆమెదే. ఇంకొక నష్టము కలదు. ఒకనాడు ఆ సంగతి బయటపడును. ఆనాటి నుండి ఆ యింట నతడు అన్నమును కూడ నమ్మడు. ఇంటివారిని నమ్మనివాడు ఎవరి మాటపై మానును?

"మరి నేనేం చేయనండీ, చూస్తూ ఊరుకోనా?" అని ఆమె కన్నీరు పెట్టుకొన్నది. ఊరకుండవలదనియే మా చదువును చెప్పుచున్నది. త్రాగి వచ్చిన రాత్రి తగవు పెట్టుకొనవలదు. తెల్లవారిన పిమ్మట, మత్తు దిగినప్పుడు, పిల్లలు లేనిచోట మాటలాడవలెను. తిట్టుటకంటె అడుగుట మేలు. జాన్ యూయింగ్ అను అమెరికా వైద్యుడు 1984లో ప్రకటించిన నాలుగు ప్రశ్నలు ఇందుకు మిక్కిలి ఉపకరించును. త్రాగుడు తగ్గించుకొనవలెనని మీకెప్పుడైన తోచినదా? ఎవరైన దానిని తప్పుపట్టినప్పుడు విసుగు కలిగినదా? త్రాగినందుకు మనస్సులో నొచ్చుకొన్నారా? ప్రొద్దుట లేచినంతనే త్రాగవలసివచ్చినదా? రెంటికి అవునని బదులు వచ్చినచో వైద్యుని చూడవలెను. భర్త తరపున కచేరికి అబద్ధపు కబురు పంపుట, దుకాణపు బాకీ తీర్చుట మానవలెను. ఏలయన తన త్రాగుడు ఫలమును తాను చూడనివానికి మానవలెనను కోరిక పుట్టదు. చేయిచేసికొనువాడైనచో ముందుగా తనను, పిల్లలను కాపాడుకొనవలెను. అందులకు 181 సంఖ్యకు ఫోను చేయవచ్చును. మత్తు విషయమై సలహాకు కేంద్ర ప్రభుత్వమువారి 14446 కలదు. పిలిచినందుకు రుసుము లేదు. ఆమె ఆ పొట్లమును పెరటిలో పాతి, ఈ సంఖ్యలను వ్రాసికొని పోయినది. ఆమె వెడలిన వెంటనే మా అత్తగారు "ఎందుకొచ్చిందే ఆ అమ్మాయి?" అని యడిగిరి. "ఊరికే చూచిపోవుటకు వచ్చినదండీ" అంటిమి. ఒకరి గుట్టు మరియొకరికి చెప్పరాదన్నది ధర్మనియమములలో ప్రధానమైనది. అందరును బంధువులైన మన ఊళ్లలో ఇంతకంటె కఠినమైన పాఠము లేదు.

ఉన్నది. అదియును ఆ భాగముననే ఉన్నది. ఈ పని చేయువారు తమ రక్తసంబంధులకు తాము సలహాదారులు కారాదు. ప్రేమయు, కోపమును, పాత లెక్కలును అడ్డువచ్చును. రోగియు అక్కయెదుట నిజము చెప్పలేడు. ఎవనికొరకు ఈ పుస్తకములు తెరచితిమో, అతనికి మేము వైద్యము చేయరాదు! ఆ పుట చదివిన రాత్రి మాకు చాలసేపు నిద్రపట్టలేదు. ఇప్పుడతడు మాకు పరిచయములేని యొక సలహాదారు వద్దకు పోవుచున్నాడు. వారు ఏమి మాటలాడుకొందురో మేము అడుగము. నాలుగు మాసములు మాని, పందెములనాడు మరల పడినాడు. మరల చికిత్సకు పోయినాడు. మరల పడుట ఈ వ్యాధిలో సామాన్యమనియు, అది చికిత్స వ్యర్థమైనదనుటకు గురుతు కాదనియు చదివియుంటిమి గావున ఇంట నెవరును అతనిని ఛీకొట్టకుండ చూచితిమి. అక్కకు అతనిపట్ల ఈ చదువు ఇచ్చిన అధికారము అంతమాత్రమే. అది తక్కువ కాదు.

తన యింటి దుఃఖమును పరుల యింటి దీపముగా జేసిన యొకామె మన పొరుగుననే కలరు. మద్రాసు నగరమున శ్రీమతి శాంతి రంగనాథన్ గారు త్రాగుడువలన భర్తను పోగొట్టుకొనిరి. పిమ్మట అమెరికాకు పోయి ఈ విద్య నభ్యసించి వచ్చి, 1980లో భర్త పేర చికిత్సా సంస్థను నెలకొల్పిరి. 1992లో వారికి పద్మశ్రీ బిరుదము లభించినది. తన భర్తను కాపాడుకొనలేకపోయిన యామె నేర్చిన విద్య వేలకొలది పరాయి భర్తలకు అక్కరకు వచ్చినది.

మన ఆంధ్రస్త్రీలకు త్రాగుడుతో పోరాటము క్రొత్త కాదు. 1930లో గాంధీమహాత్ముడు కల్లుదుకాణముల యెదుట నిలుచు పనిని ప్రత్యేకముగా స్త్రీలకే అప్పగించెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న పల్లె స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. మరుసటి సంవత్సరము అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో సడలింపబడినది. దుకాణము మూయించుట గొప్ప పనియే. కాని దుకాణము మూసిననాడు కూడ వణకుచున్న చేతులు వణకుచునే యుండును. ఆ చేతిని పట్టుకొనుటకు వేరొక నేర్పు కావలెను. ఆ నాటి సోదరీమణులు అక్షరములు నేర్చి వీథిలోనికి వచ్చిరి. మనమిప్పుడు ఇంకొక మెట్టు ఎక్కి ఈ శాస్త్రమును నేర్చుకొనవలసి యున్నది.

మాకు పరీక్ష ఇంకను జరుగలేదు. ఫలమెట్లున్నను, నేర్చిన ఈ కొలదిపాటి జ్ఞానమును ఎవరును మానుండి తీసికొనజాలరు. చదువుకొన్న సోదరీమణులలో తీరిక గలవారు ఈ చదువునకు పూనుకొందురుగాక. తీరిక లేనివారు కనీసము ఈ మూడు సంగతులను గుర్తుంచుకొందురుగాక: బహుకాలము త్రాగినవానిని వైద్యుడు లేక ఒక్కసారిగా మాన్పింపరాదు, తెలియకుండ ఏ పొడియు అన్నములో కలుపరాదు, మరల పడినవానిని విడిచిపెట్టరాదు.