మావారి బొటనవేలూ, మిచిగన్ చెర్రీలూ

మనిషి ఒంట్లో అన్నిటికన్నా అణకువగల అవయవం కాలి బొటనవేలు. కన్నులాగ కవిత్వానికెక్కదు. గుండెలాగ మాటిమాటికీ తన పేరు చెప్పించుకోదు. తన మానాన తాను చెప్పులో పడివుంటుంది. అటువంటి వేలికి కోపం వస్తే ఇంటిల్లిపాదికీ జాగరణేనని మా ఇంట్లో నాలుగేళ్ళుగా అందరికీ తెలుసు.

మావారికి గౌటు. మన వైద్యులు వాతరక్తమంటారు. రాత్రి శుభ్రంగా భోంచేసి పడుకున్న మనిషి, అర్ధరాత్రి దాటాక "అబ్బా!" అని లేచి కూర్చుంటారు. వేలు పండుమిరపకాయలా ఎర్రబడి వుంటుంది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేరు. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి, బెత్తంతో పనిలేకుండా క్లాసుని నిలబెట్టిన మనిషి, ఆ వేలి ముందు మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంటారు.

మా డాక్టరుగారు నాకు అర్థమయ్యేట్లు చెప్పారు. "పాకం ముదిరి చల్లారితే గిన్నె అడుగున పలుకులు కడుతుంది చూశారా అమ్మా? రక్తంలో యూరిక్ ఆసిడ్ ఎక్కువైనా అంతే. కీళ్ళలో సూదుల్లాంటి పలుకులు పేరుకుంటాయి. కాలివేలు ఒంట్లో చల్లగా వుండే చోటు గనుక చాలామందికి ముందు అక్కడే మొదలవుతుంది" అన్నారు. అల్లోప్యూరినాల్ మాత్ర రోజూ వేసుకోమన్నారు. రొయ్యలూ, మేక కార్జమూ తగ్గించమన్నారు.

దీనిమీద మా అత్తగారిది మరో వైద్యం. "పులుపు మానరా అబ్బాయ్! పులుపు వాతం. కీళ్ళు పట్టేస్తాయి" అని ఆవిడ తీర్పు. ఆ తీర్పు పుణ్యమా అని మా వంటింట్లో చింతపండు డబ్బా పైఅరకి ఎక్కింది. చారు, చారు కాకుండా పోయింది.

ఇట్లా వుండగా, ఆ మధ్య మిచిగన్‌లో వున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాం. డెట్రాయిట్ చుట్టుపట్ల మన తెలుగువాళ్ళకి కొదవలేదు. గోంగూర కూడా దొరుకుతుంది. జూలై నెల గనుక, చెర్రీతోటలు చూపిస్తానని అమ్మాయి మమ్మల్ని ఉత్తరంగా ట్రావర్స్ సిటీకి తీసుకువెళ్ళింది. కారులో నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం.

చెర్రీ అంటే మనకి కేకుమీద పెట్టే ఎర్రటి తీపి గోళీయే తెలుసు. ఇది అది కాదు, పుల్ల చెర్రీ. దీన్లో మాంట్‌మొరెన్సీ అనే రకం పేరుపొందింది. ఆ పేరు పారిస్ దగ్గరి ఒక ఊరిది. 1852లో పీటర్ డోహర్టీ అనే మతబోధకుడు అక్కడి సరస్సులోకి చొచ్చుకుపోయిన ఒక భూభాగంలో చెర్రీమొక్కలు నాటాడట. ఇప్పుడు అమెరికాలో పండే పుల్ల చెర్రీల్లో సుమారు ముప్పాతికవంతు ఆ రాష్ట్రానివే. మిచిగన్ సరస్సు చల్లదనం పూతని కాస్త ఆలస్యం చేసి మంచుదెబ్బ నుంచి కాపాడుతుంది. 2012లో మాత్రం మార్చిలోనే ఎండలు కాసి పూత ముందుగా వచ్చింది. వెనకనే మంచు పడి నూటికి తొంభైవంతుల పంట పోయింది.

పండు కోయడం చూసి తీరాలి. యంత్రం చెట్టు మొదలుని పట్టుకుని, జుట్టు పట్టుకుని ఊపినట్లు ఊపుతుంది. కొన్ని క్షణాల్లో పళ్ళన్నీ కింద పరిచిన పట్టామీద రాలిపడతాయి. మెత్తని పండు, నిలవ వుండదు. అందుకని చాలామటుకు గడ్డకట్టించడమో, ఎండబెట్టడమో, రసం తియ్యడమో చేస్తారు. నేనొక పండు నోట్లో వేసుకున్నాను. మన వాక్కాయ జ్ఞాపకం వచ్చింది.

అక్కడి కొట్లో సీసాలమీద రాసినవి చదివి మావారి మొహం వెలిగిపోయింది. కీళ్ళకి మంచిదట. నిద్ర పడుతుందట. ఆరు సీసాల చిక్కటి రసం కొని, "ఇంటికి వెళ్ళగానే ఆ మాత్ర మానేస్తాను. ప్రకృతి వుండగా రసాయనాలెందుకే?" అని ప్రకటించారు.

నాకు గుండె ఆగినంత పనయింది. మాత్ర మానేస్తే మళ్ళీ అర్ధరాత్రి "అబ్బా" మొదలవుతుంది. అది వేలితో పోతే సరే, యూరిక్ ఆసిడ్ మూత్రపిండాల్లో రాళ్ళకీ దారితీస్తుంది. "వద్దండీ" అంటే, "నీకేం తెలుసు, అచ్చువేసి వుంటే" అంటారు.

అప్పుడు అమ్మాయి అందుకుంది. లెక్కల మాస్టారి కూతురు గదా, లెక్కలతోనే మొదలుపెట్టింది.

"నాన్నా, ఈ చెర్రీకథ 1950 నాటిది. టెక్సస్‌లో బ్లా అనే ఆయనకి గౌటు. చెర్రీలు తింటే తగ్గిందని, మరికొందరిని కలుపుకుని, మొత్తం పన్నెండుమంది సంగతి రాశాడు. పన్నెండుమందితో నువ్వు సిద్ధాంతం ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను" అన్నారు మావారు, వృత్తిధర్మం వదలక.

"2012లో బోస్టన్‌లో 633 మంది గౌటు రోగులని ఏడాదిపాటు కనిపెట్టి చూశారు. రెండురోజులు చెర్రీ తిన్నప్పుడు నొప్పి వచ్చే అవకాశం నూటికి 35 పాళ్ళు తక్కువగా కనిపించింది. చెర్రీతోపాటు అల్లోప్యూరినాల్ కూడా వేసుకున్నప్పుడు 75 పాళ్ళు తక్కువ. నీకు 35 కావాలా, 75 కావాలా?"

ఆయన మాట్లాడలేదు.

"అదయినా వాళ్ళు చెప్పిన మాటలు రాసుకున్న లెక్క. అందువల్లనే తగ్గిందని రుజువు కాదు. 2020లో న్యూజిలాండ్‌వాళ్ళు 50 మంది మీద 28 రోజులు రసం పరీక్ష చేసి చూస్తే, రక్తంలో యూరిక్ ఆసిడ్ ఏమీ తగ్గలేదు. ఇక నిద్రంటావా, ఈ పండులో మెలటోనిన్ అనే నిద్ర పదార్థం వుంది, కానీ అతి స్వల్పం. చిన్న చిన్న పరీక్షల్లో కాస్త మేలు కనిపించింది. అంతే. చెర్రీ జబ్బులు నయం చేస్తుందని ప్రకటించుకుంటున్న 29 కంపెనీలకి 2005లోనే ఇక్కడి ప్రభుత్వ ఆహార ఔషధ శాఖ హెచ్చరిక ఉత్తరాలు రాసింది."

మావారు సీసాని అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే ఇది పారబొయ్యమంటావా?" అన్నారు దీనంగా.

"ఎందుకు నాన్నా? తాగు. మాత్ర మానకు" అంది.

తిరిగివచ్చాక డాక్టరుగారిదీ అదే మాట. "మాస్టారూ, ఆ ఎర్రరంగులో వుండే ఆంథోసయనిన్లు వాపు తగ్గించడానికి సాయపడతాయని పరిశోధనలున్నాయి. తాగండి. అయితే పంచదార కలపకపోయినా అందులో పండు చక్కెర వుంటుంది, మీకు షుగరు అంచున వుంది, కాబట్టి మితంగా. ఈ మాత్రకి బాటవేసిన పరిశోధకులకి 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. దాన్ని చిన్నచూపు చూడకండి" అన్నారు. మాత్ర, మూడునెలలకోసారి రక్తపరీక్ష, రోజుకి రెండు చెంచాల రసం నీళ్ళలో కలిపి: ఇదీ ఒప్పందం.

యూరిక్ ఆసిడ్ ఇప్పుడు ఆరుకి దిగువన వుంది. అంతే వుండాలిట. ఏడాదిగా వేలికి కోపం రాలేదు. అది మాత్ర మహిమా, చెర్రీ మహిమా, రొయ్యలు తగ్గించిన మహిమా అని మావారినడిగితే, "మూడు అవ్యక్తరాశులున్న సమీకరణం, ఒక్క జవాబుతో తేలదు" అంటారు.

ఈ పుల్ల చెర్రీ మన బజార్లలో పచ్చిది కనిపించదు. వచ్చేవి సీసాలూ గొట్టాలూను, ఖరీదైనవి. ఎవరైనా తెచ్చిపెడితే సంతోషంగా తాగండి. తాగేముందు మీరు వాడే మందుల సంగతి డాక్టరుగారికి చెప్పండి. ముఖ్యంగా షుగరూ, మూత్రపిండాల జబ్బూ వున్నవాళ్ళు. అంతేగాని దానికోసం అప్పుచెయ్యకండి, దాన్ని నమ్ముకుని మాత్రలు పారెయ్యకండి.

ఇక మా అత్తగారు. అమ్మాయి ఇచ్చిన ఎండు చెర్రీల పొట్లంలోంచి ఒకటి అనుమానంగా నోట్లో వేసుకుని, "ఇంత పుల్లటిదిట్రా వాతానికి మంచిదంటున్నారూ!" అని కాసేపు ఆలోచించారు. మర్నాడు పొద్దున చూద్దును గదా, చింతపండు డబ్బా కింది అరలోకి దిగింది. పొట్లంలోని చెర్రీలన్నీ ఆవపెట్టిన పచ్చడై రాచ్చిప్పలో వున్నాయి. వేలి సంగతి ఎలా వున్నా, ఆ పచ్చడి మాత్రం దివ్యంగా వుంది.