కోదాడలో ఒక నల్లరాయి

సూర్యాపేటలో జుహ్ర్ నమాజు ముగించుకొని విజయవాడ రహదారిపై కోదాడకు బయలుదేరాము. దారి పొడవునా నల్లగొండ సీమ గ్రానైటు గుట్టలు. వాటి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. అయినా అవి భూమి బాల్యాన్ని చెప్పలేవు. కరిగి, మరల గడ్డకట్టిన శిలలవి.

కోదాడలో మా పూర్వ విద్యార్థి ఇంట బస. టీ అయ్యాక అతడు పచ్చగుడ్డలో చుట్టిన నల్లరాయిని మా ముందుంచాడు. "ఇది ఆకాశం నుంచి పడిందట హజ్రత్. ఐదు వేలిచ్చి కొన్నాను" అన్నాడు. ఆరేళ్ల కుమార్తెకు మూర్ఛలు. రెండు నెలలుగా ఆ రాయి ఆమె దిండు కిందే ఉంది, మందులు ఆగిపోయాయి.

అయస్కాంతం అంటుకుంది. అతని ముఖం వెలిగింది. అయితే రాయి నిండా బుడగల గుంటలు. ఉల్కలలో అవి సాధారణంగా కానరావు. కొలిమిలో మిగిలే ఇనుప చిట్టెం వలె ఉన్నదని చెప్పక తప్పలేదు.

నిజమైనవి మన నేలపై పడకపోలేదు. 1852 జనవరి 23న నెల్లూరు ప్రాంతంలోని యాటూరులో రాతి ఉల్క, 1870లో సరిగా అదే తేదీన పార్వతీపురం సమీపాన నెడగొల్లలో ఇనుప ఉల్క పడ్డాయి. ఇనుప ఉల్కలో నికెల్ కలిసి ఉంటుంది. యాటూరు జాతి రాళ్లలో ఆవగింజలంతటి గుండ్రని పలుకులుంటాయి. సూర్యుని చుట్టూ ధూళి తిరుగుతున్న కాలంలో కరిగి చల్లారిన బిందువులవి. మరికొన్ని ఉల్కలలోని తెల్లని పలుకులలో సీసాన్ని కొలిచి, సౌరకుటుంబం వయస్సు సుమారు 456 కోట్ల సంవత్సరాలని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఇదంతా సూరా హదీద్‌లోనే ఉన్నదని మా విద్యార్థులు ఉత్సాహపడతారు. ముఫస్సిర్లు అక్కడ ఒకటికి మించిన అర్థాలు చెప్పారని వారిని నిదానపరుస్తుంటాము.

"నిజమైన ఉల్కే అయి ఉంటే?" అన్నాడతడు. 1621లో జలంధర్ ప్రాంతాన పడిన ఇనుముతో జహంగీర్ పాదుషా కత్తులు చేయించాడు, ఔషధం కాదు అన్నాము. హజరె అస్వద్ ఎదుట హజ్రత్ ఉమర్ (రజి.) పలికిన మాటను గుర్తు చేశాము. అది మా వద్దనే చదువుకున్నవాడు, తల వంచుకున్నాడు.

ఫజ్ర్ అయ్యాక హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ వెళ్లి పాపను వైద్యునికి చూపించాము. మందులు మళ్లీ మొదలయ్యాయి. తిరుగుదారిలో రైసుమిల్లుల నడుమ బస్సు ఆగినప్పుడు, ఒడిలో నిద్రించే బిడ్డను సర్దుకుంటూ అతడు అడిగాడు:

"నిజమైన ఉల్కను ఎక్కడ చూడవచ్చు హజ్రత్?"

కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియంలో అన్నాము.

"పాప కోలుకోనివ్వండి, ఇన్‌షా అల్లాహ్, తీసుకెళ్తాను" అన్నాడు.