నేను వ్రాయని పరీక్ష

జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాలలో ముప్పైనాలుగేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసి 2017లో పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆ కాలంలో నేను పెట్టిన పరీక్షలకూ, దిద్దిన జవాబు పత్రాలకూ లెక్క లేదు. భాషాప్రవీణ పరీక్షకు నేను చదివిన చదువు వేరే. కాని నా జీవితంలో అన్నిటికంటె భయభక్తులతో చదివిన పరీక్ష మాత్రం మరొకటి ఉన్నది. దానిని నేను వ్రాయలేదు. కూర్చోబెట్టి ఉంటే తప్పేవాణ్ణి కూడాను. అది మైక్రోసాఫ్ట్ వారి స్మాల్ బిజినెస్ సర్వర్ 2008 అనే సరుకును అమర్చి, నిర్వహించే విద్యకు సంబంధించిన 70-653 అనే పరీక్ష. తెలుగు పండితుడికి ఇదేమి పైత్యమని చదువరులు అనుకోవచ్చును. కొంచెం ఓపిక పట్టండి, చెబుతాను.

మా అబ్బాయిని పదవ తరగతి వరకు నేను పనిచేసే బడిలోనే, తెలుగు మాధ్యమంలోనే చదివించాను. తోటి ఉపాధ్యాయులు తమ పిల్లలను పట్నంలోని కాన్వెంటు బళ్ళకు పంపుతూ, ఊళ్ళో పిల్లలకు మాతృభాష గొప్పదనం చెప్పడం నాకు సిగ్గుగా ఉండేది. నేను అలా చేయకూడదనుకున్నాను. మా ఆవిడ రెండుమూడు సార్లు, "ఏమండీ, వాడి భవిష్యత్తు కూడా చూడాలి గదా!" అన్నది. నేను వినలేదు. అది ఆదర్శమా, పంతమా అని ఆనాడు నన్ను నేను ప్రశ్నించుకోలేదు.

వాడు డిగ్రీలో కంప్యూటర్లు చదివి, హైదరాబాదులో ఒక చిన్న సంస్థలో చేరాడు. చిన్న చిన్న కార్యాలయాలకు వెళ్ళి కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగం. 2008 చివరికి అమెరికాలో బ్యాంకులు కూలడం, 2009 జనవరి 7వ తేదీన సత్యం సంస్థ అధిపతి రామలింగరాజు తన లెక్కలు తప్పుడువని లేఖ వ్రాయడం మీకు గుర్తుండే ఉంటుంది. పెద్ద చెట్టు పడితే దాని క్రింది మొక్కలకు దెబ్బ తప్పదు గదా. ఫిబ్రవరిలో మావాడి ఉద్యోగం పోయింది. పెట్టె సర్దుకొని ఇంటికి వచ్చాడు. మరొకచోట ఉద్యోగం దొరకాలంటే చేతిలో ఒక ధ్రువపత్రం ఉండాలన్నారట. అలా ఈ పరీక్ష మా ఇంట్లో అడుగుపెట్టింది.

ఏప్రిల్ నెలాఖరున హైదరాబాదు వెళ్ళి పరీక్ష వ్రాశాడు. ఉత్తీర్ణతకు 700 కావాలి. వాడికి 640 వచ్చాయి. రుసుము పోయిందన్న బాధ కంటె, వాడు ఇంటికి వచ్చి మాట్లాడకుండా అరుగు మీద కూర్చోవడమే నన్ను ఎక్కువ బాధించింది. మాస్టారి బుద్ధి గదా, "ఏ పాఠం రాలేదురా?" అని అడిగాను. వాడు తల ఎత్తి అన్న మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"పాఠాలన్నీ వచ్చు నాన్నా. ఒక్కొక్క ప్రశ్న ఎనిమిదేసి, పదేసి వాక్యాలు ఉంటుంది. అది చదివి, ఏమడిగాడో అర్థం చేసుకొనేసరికి సమయం అయిపోతున్నది. నా చేత ఇంగ్లీషు చదివించనిది మీరు. ఇప్పుడు ఏ పాఠం రాలేదని అడుగుతున్నారు."

నేను జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఏమీ లేదు. ఆ రాత్రి వాడి పుస్తకం తెరిచాను. సుమారు ఏడువందల పుటల ఆంగ్ల గ్రంథం. శంకరనారాయణ నిఘంటువు పక్కన పెట్టుకొని మొదటి పుట చదవడానికి గంట పట్టింది. బడికి వేసవి సెలవులు. నాకు వేరే పని లేదు. మరునాటి నుంచి తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, ఎండ ఎక్కకముందే ఇద్దరం పెరట్లో నులకమంచం మీద కూర్చొని చదవడం మొదలుపెట్టాము. వాడు నాకు విషయం చెప్పాలి, నేను వాడికి వాక్యం చెప్పాలి. ఇదీ ఒప్పందం.

ఇంతకూ ఈ సర్వరు ఏమిటో టూకీగా చెప్పాలి. పెద్ద సంస్థలు ఒక్కొక్క పనికి ఒక్కొక్క యంత్రాన్ని పెట్టుకుంటాయి. పది పదిహేనుమంది పనిచేసే ఆడిటరు కార్యాలయానికో, చిన్న ఆసుపత్రికో అంత స్తోమత ఉండదు. వారికోసం ఉత్తరాల పని, దస్త్రాల భద్రత, ఎవరు లోపలికి రావచ్చునో చూసే కాపలా, అన్నీ ఒక్క యంత్రంలోనే కూర్చిన సరుకు ఇది. 75 మందికి మించి వాడుకోకూడదు. ఒక అధికార క్షేత్రంలో ఇటువంటి సర్వరు ఒక్కటే ఉండాలి. ఆ క్షేత్రానికి సంబంధించిన అయిదు ముఖ్యాధికారాలూ దాని చేతిలోనే ఉండాలి. ఉమ్మడి కుటుంబంలో తాళపుచెవుల గుత్తి ఒక్కరి బొడ్డునే ఉన్నట్లు.

వాడు చెబుతూ ఉంటే నాకు తెలిసిన మాటల్లో నేను ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొనేవాణ్ణి. కార్యాలయంలోని ప్రతి కంప్యూటరుకూ ఒక సంఖ్య కావాలి. ఆ సంఖ్యను సర్వరు శాశ్వతంగా ఇవ్వదు, గడువు పెట్టి ఇస్తుంది. మామూలుగా ఎనిమిది రోజులు. సగం గడువు గడిచేసరికే ఆ కంప్యూటరు మళ్ళీ వచ్చి పొడిగించమని అడుగుతుంది. దీనికి ఆంగ్లంలో వాడిన పదాన్ని నిఘంటువులో చూస్తే "కౌలు" అని ఉన్నది. నాకు నవ్వు వచ్చింది. గుంటూరు జిల్లాలో పుట్టినవాడికి కౌలు అంటే వివరించాలా! పేరు చెబితే సంఖ్య చెప్పే మరొక విభాగం ఉన్నది. అది నిఘంటువు వంటిదే. ఇక కంప్యూటర్ల మీద విధించే నియమాలు ఒకదాని తరువాత ఒకటి నాలుగు అంచెలుగా వర్తిస్తాయట. రెండింటికి విరోధం వస్తే సాధారణంగా తరువాత వచ్చినదే నెగ్గుతుందట. వ్యాకరణం చదువుకున్నవాడికి ఇది కొత్త సంగతి కాదు. పూర్వసూత్రానికీ పరసూత్రానికీ విరోధం వస్తే ఏది బలీయమో మేము పద్దెనిమిదేళ్ళ వయసులోనే వల్లెవేశాము.

అసలు చిక్కు ప్రశ్నలతో వచ్చింది. వాడు ప్రశ్నను మొదటి మాట నుంచి చివరి మాట వరకు, ఒక్కొక్క మాటనూ మనసులో తెలుగులోకి మార్చుకుంటూ చదివేవాడు. చివరకు వచ్చేసరికి మొదలు మరచిపోయేవాడు. ఇది నాకు బాగా తెలిసిన జబ్బు. తొమ్మిదవ తరగతి పిల్లవాడు పద్యం చదివే తీరు సరిగా ఇదే. పద్యానికి అర్థం చెప్పేటప్పుడు మేము మొదటి పాదం నుంచి మొదలుపెట్టము. ముందు క్రియను పట్టుకుంటాము. ఆ పని చేసినదెవరు అని అడిగి కర్తను, దేనిని అని అడిగి కర్మను వెతుకుతాము. విశేషణాలను వాటి విశేష్యాల పక్కకు చేరుస్తాము. దీనినే అన్వయక్రమం అంటారు. ఆ తరువాతే ప్రతిపదార్థం, తాత్పర్యం.

"ఒరే, ఈ ప్రశ్నకు అన్వయం చెప్పుకో" అన్నాను. వాడు వింతగా చూశాడు. ఇద్దరం కూర్చొని నలభై ప్రశ్నలను పద్యాల వలె విప్పాము. ప్రతి ప్రశ్నలోనూ మూడు భాగాలు ఉన్నట్లు తేలింది. మొదటిది కథ: ఒక కార్యాలయం ఉన్నది, పాత సర్వరు ఉన్నది, ఇంతమంది ఉన్నారు అని. రెండవది కోరిక: మీరు ఫలానాది జరిగేటట్లు చూడాలి అని. మూడవది అడిగే మాట. ప్రాణమంతా రెండు మూడు భాగాల్లోనే ఉన్నది. అందులోనూ చిన్న చిన్న మాటల్లో ఉన్నది. "మొట్టమొదట ఏమి చేయాలి?" అన్నచోట మావాడు "మొట్టమొదట" అన్నమాట దాటిపోయి, చివర చేయవలసిన పనిని గుర్తుపెట్టేవాడు. "అతి తక్కువ శ్రమతో" అన్న విశేషణం వదిలేసి, సరైనదే కాని శ్రమ ఎక్కువైన మార్గాన్ని ఎంచుకొనేవాడు. కనుక చివరి వాక్యం ముందు చదవమన్నాను. తరువాత కోరిక, ఆ పైన కథ. వారం రోజులకు వాడి వేగం పెరిగింది. నాకు ఆశ కలిగింది.

అయితే పుస్తకంతోనే పని గడవలేదు. ఈ సర్వరుకు 64 బిట్ల యంత్రం, కనీసం 4 గిగాబైట్ల జ్ఞాపకశక్తి కావాలి. మా ఇంట్లోని పాత కంప్యూటరుకు ఆ యోగ్యత లేదు. తెనాలిలో నా పాత విద్యార్థి ఒకరు ఆడిటరు. వారి కార్యాలయంలో 2003 నాటి సర్వరు ఉన్నది, దానిని మార్చాలని కొత్త యంత్రం కొని ఉంచారు. నేను వెళ్ళి అడిగాను. పదవీకాలమంతటిలో ఒక విద్యార్థిని నా కొరకు సహాయం అడగడం అదే మొదలు. "జూలై 31కి రిటర్నులు వేయాలి మాస్టారూ. జూన్‌లోగా అయిపోతే చేసుకోమనండి. లెక్కలు పోతే మాత్రం నా కొంప మునుగుతుంది" అన్నారు. నా మీది గౌరవంతో ఒప్పుకున్నారని నాకు తెలుసు. ఆ గౌరవాన్ని నా కొడుకు చేతిలో పెట్టి వచ్చాను.

పాత సర్వరు, కొత్త సర్వరు పక్కపక్కన ఉండడానికి 21 రోజులే గడువు. ఆ లోగా ఉత్తరాలు, దస్త్రాలు, అయిదు అధికారాలూ కొత్తదానికి అప్పగించి పాతది తప్పుకోవాలి. మొదట అన్నిటికీ నకళ్ళు తీశాడు. అంతా బాగానే జరుగుతున్నదనుకొన్న నాలుగవనాడు, సగం కంప్యూటర్లు సర్వరును గుర్తించడం మానేశాయి. ఆడిటరుగారు నా ముఖం వంక చూశారు. ఆయన ఏమీ అనలేదు, అంటే బాగుండేది. ఆ రాత్రి మావాడు అక్కడే ఉండిపోయాడు. కరెంటు రెండుసార్లు పోయింది. నేను బల్ల మీద తల వాల్చి నిద్రపోయాను.

తెల్లవారుజామున వాడు నన్ను తట్టి లేపి, "నాన్నా, పొలానికి ఇద్దరు ఆసాములు తయారయ్యారు" అన్నాడు. ఇంటర్నెట్టు కోసం పెట్టిన చిన్న పెట్టె కూడా సంఖ్యలను కౌలుకు ఇస్తున్నదట. తన ఇలాకాలో మరొకరు కౌలు ఇస్తున్నట్లు కనిపెడితే ఈ సర్వరు తన కౌలు పని ఆపివేస్తుందట. ఆ పెట్టె దగ్గర సంఖ్య తీసుకొన్న కంప్యూటర్లు పేర్ల నిఘంటువు కోసం కూడా బయటికే వెళుతున్నాయి, ఇంటి యజమాని పేరు బయటివారికేమి తెలుస్తుంది? పెట్టెలో ఆ పని మాన్పించి, సర్వరులో మళ్ళీ మొదలుపెట్టాడు. తొమ్మిది గంటలకు గుమాస్తాలు వచ్చేసరికి అన్నీ పనిచేస్తున్నాయి. పన్నెండవ రోజున పాత సర్వరును ఆపివేశారు. లెక్కలు ఒక్క కాగితం కూడా పోలేదు.

జూలై రెండవ వారంలో మళ్ళీ పరీక్ష. ఈసారి నేనూ హైదరాబాదు వెళ్ళాను. లోపలికి నన్ను రానివ్వరు గదా, కేంద్రం ఎదుట టీకొట్టు దగ్గర నిలబడ్డాను. పిల్లలు పరీక్షలు వ్రాస్తుంటే గదిలో తిరిగే నాకు, బయట నిలబడే తల్లిదండ్రుల సంగతి అంతవరకు తెలియదు. వాడు బయటికి వచ్చి కాగితం చేతికి ఇచ్చాడు. 782. నేను "మొట్టమొదట అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందిరా?" అన్నాను. "ఆరు" అని నవ్వాడు. రెండు నెలల తరువాత ఉద్యోగం దొరికింది.

ఇది మాతృభాషా విజయగాథగా వ్రాయాలని నాకు లేదు. అన్వయం నేర్పిన తెలుగే వాణ్ణి గట్టెక్కించిందని మిత్రులు అంటారు. కాని మొదటిసారి తప్పడానికి కారణమూ నేను ఎంచిన చదువే గదా. రెండూ నిజమే. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమానికి ఉత్తర్వులు ఇచ్చినప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసినప్పుడు, పాత సహోద్యోగులు నా అభిప్రాయం వ్రాయమన్నారు. కాగితం ముందు పెట్టుకొని కూర్చున్నానే కాని ఏ పక్షాన ఒక్క వాక్యమూ వ్రాయలేకపోయాను. మా మనుమరాలు ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతున్నది. వాడు నన్ను అడగలేదు, నేను చెప్పలేదు. సెలవులకు వచ్చినప్పుడు పద్యం చెప్పించుకుంటుంది, అంతే.

ఆ సర్వరుకు 2011 నాటి ప్రతితో వంశం ఆగిపోయింది. మేము చదివిన 2008 ప్రతికి 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ వారు మద్దతు నిలిపివేశారు. ఆ రోజు భోగి. సంక్రాంతికి ఇంటికి వచ్చిన మావాడు అటక మీది ఏడువందల పుటల పుస్తకం దింపి, "దీని పని అయిపోయింది నాన్నా" అని భోగిమంటలో వేశాడు. నోటుపుస్తకం కూడా వేయడానికి వెతికాడు, కనబడలేదు.

అది మా ఆవిడ బీరువాలో, చీరల క్రింద ఉన్నది. ఆ సంగతి నాకు తెలుసు. వాడికి చెప్పలేదు.